స్పా బాత్రూమ్: గోడలు కొట్టి పైపులు వేయకముందే తేల్చుకోవాల్సినవి ఏంటి?

మోకిల_విల్లా
హైదరాబాద్ దగ్గర మోకిలలో జీ ప్లస్ 2 కడుతున్నాం. మొదటి అంతస్తులో మాస్టర్ బాత్రూమ్ 14 x 11 అడుగులు, ఎత్తు 10. ఆర్కిటెక్ట్ గీసిచ్చింది ఇదీ: ఫ్రీస్టాండింగ్ టబ్, 5 x 8 గాజు గదిలో 12 ఇంచుల రెయిన్ షవర్, 6 బాడీ జెట్లు, అదే గదిలో స్టీమ్. గోడలకు 8 x 4 అడుగుల స్లాబ్ టైల్స్, నేలకు ఇటాలియన్ మార్బుల్, వాల్ హంగ్ కమోడ్. గోడలు ఏఏసీ (తేలికపాటి సిమెంట్) బ్లాకులు. సంకెన్ (బాత్రూమ్ దగ్గర స్లాబ్‌ని కిందికి దించడం) 4 ఇంచులే ఇచ్చి స్లాబ్ పోసేశారు. బోరు నీళ్లు, హార్డ్‌నెస్ లీటరుకి 620 మిల్లీగ్రాములు. టెర్రస్ మీద 300 లీటర్ల సోలార్ అనుకున్నాం.
వచ్చే వారం గోడలు కొడతారట. ప్లంబర్‌ని ఏది అడిగినా "అయితది సార్" అంటున్నాడు. అదే భయంగా ఉంది.

సైట్_ఇంజినీర్_కొండాపూర్
ముందు నీళ్ల లెక్క వేయండి, టైల్స్ సంగతి తర్వాత. 12 ఇంచుల రెయిన్ షవర్ నిమిషానికి 18 లీటర్లు అనుకోండి. జెట్ ఒక్కోటి 5 చొప్పున ఆరింటికి 30. మొత్తం 48. పది నిమిషాల స్నానానికి 480 లీటర్లు.
ఇక వేడి నీళ్లు. చలికాలంలో ట్యాంకు నీళ్లు 20 డిగ్రీలుంటే, 60 డిగ్రీల వేడి నీటితో కలిపి 40కి తేవాలంటే సగం వేడి నీళ్లే కావాలి. అంటే నిమిషానికి 24 లీటర్లు. 25 లీటర్ల గీజర్ పెడితే సబ్బు రుద్దుకోకముందే అయిపోతుంది. మీ 300 లీటర్ల ట్యాంకు కూడా ఒక్కరి స్నానానికే, అదీ మేఘాలు లేని రోజు.
అందుకే జెట్లు రెండో మూడో చాలు. రెయిన్ షవర్, హ్యాండ్ షవర్ ఉంటే నా లెక్కలో అవి కూడా అక్కర్లేదు.

గచ్చిబౌలి_గౌతమ్
జెట్లు తీసేస్తే ఇక స్పా ఏముంది అన్నా, మామూలు బాత్రూమే కదా 😀

టైల్స్_మేస్త్రి
జెట్ల గురించి నా వైపు నుంచి ఇంకో మాట. 8 x 4 స్లాబ్‌లో ఆరు రంధ్రాలు, మళ్లీ డైవర్టర్‌కి (నీళ్లను షవర్‌కో జెట్లకో మళ్లించే వాల్వు) ఒకటి. ఆరో రంధ్రం దగ్గర చీలితే మొత్తం స్లాబే పోతుంది. ఎక్కువ రంధ్రాలు పడే గోడకి 4 x 2 టైల్ వాడి, పెద్ద స్లాబ్ ఎదుటి గోడకి పెట్టుకోండి. లోపలికి రాగానే కంటపడేది ఆ గోడే.

కరెంటు_సుబ్బు
స్టీమ్ అదే గదిలో అన్నారు. 5 x 8, ఎత్తు 10 అంటే 400 ఘనపుటడుగులు, 11 ఘన మీటర్ల పైమాటే. ఆవిరి తయారుచేసే స్టీమ్ జనరేటర్‌కి, మామూలు టైల్ గదైతే ఘన మీటరుకి కిలోవాట్ చొప్పున లెక్క. గాజు, రాయి ఎక్కువుంటే దాని మీద మూడో వంతు నుంచి సగం దాకా కలపాలి. మీకు 15 కిలోవాట్లు పట్టేలా ఉంది, త్రీ ఫేజ్ తప్పదు.
అదే 5 x 4 గదిగా విడదీసి సీలింగ్ ఏడున్నర అడుగులకు దించితే 150 ఘనపుటడుగులే. 6 కిలోవాట్లతో అయిపోతుంది. సింగిల్ ఫేజ్‌లో 26 యాంప్స్, 32 యాంప్స్ ఎంసీబీ, 6 స్క్వేర్ ఎంఎం రాగి వైరు, డీబీ (ఇంటి కరెంటు పంపిణీ పెట్టె) నుంచి విడి లైను. 30 మిల్లీయాంప్ ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే ఆపేసే స్విచ్) తప్పనిసరి. గీజర్ లైన్లోంచి లాగుదాం అంటే ఒప్పుకోకండి.

వాటర్‌ప్రూఫ్_వాసు
సుబ్బు గారు చెప్పినట్టు సీలింగ్ దించేటప్పుడు జిప్సమ్ బోర్డు వాడొద్దు, ఆవిరికి ఉబ్బి ఊడిపడుతుంది. సిమెంట్ బోర్డు, దాని మీద ఆవిరిని ఆపే మెంబ్రేన్, ఆపైన టైల్. సీలింగ్ సమతలంగా కాకుండా అడుగుకి ఇంచు చొప్పున వెనక గోడ వైపు వాలాలి, లేకపోతే ఆవిరి చుక్కలు నెత్తిన పడతాయి.
ఇంకోటి. మనవాళ్లు వేసే రెండు పూతల పాలిమర్ సిమెంట్ కోటింగ్ నీటిని ఆపుతుంది, ఆవిరిని ఆపదు. మీవి ఏఏసీ గోడలు, తేమ పీల్చుకుంటాయి. స్టీమ్ గదిలో నాలుగు గోడలూ సీలింగూ మొత్తానికి వేపర్ మెంబ్రేన్ పడాలి. లేదంటే అవతలి పక్క వార్డ్‌రోబ్ వెనకాల బూజు కడుతుంది. గోడ బయటికి బాగానే కనిపిస్తుంది, బట్టలు ముక్క వాసన కొట్టేదాకా సంగతి తెలియదు.

విశాఖ_ఉప్పుగాలి
విశాఖ వాళ్లకి స్టీమ్ ఎందుకు, మే నెల్లో కిటికీ తీస్తే చాలు.

కరెంటు_సుబ్బు
😂 స్టీమ్ జనరేటర్ పెట్టే చోటు కూడా ఇప్పుడే తేల్చాలి. స్టీమ్ గదికి 20 అడుగుల లోపు, చెయ్యి పట్టే చోట. వ్యానిటీ కింద గానీ యుటిలిటీలో గానీ. దానికి నీళ్ల లైను, డ్రైన్ లైను రెండూ కావాలి. ఆవిరి పైపు మధ్యలో కిందికి దిగి పైకి లేవకూడదు, ఆ వంపులో నీళ్లు నిలిచి ఆవిరికి అడ్డం పడతాయి.
ముఖ్యమైన సంగతి: ఆవిరి లైనుకి సీపీవీసీ వేయనివ్వకండి. దాని హద్దు 93 డిగ్రీలు. రాగి పైపు గానీ స్టెయిన్‌లెస్ స్టీల్ గానీ వేసి, మీద ఇన్సులేషన్ చుట్టాలి. ఆవిరి బయటికొచ్చే నోరు నేలకి అడుగు లోపు ఎత్తులో, కూర్చునే బెంచీకి దూరంగా ఉండాలి. కాళ్లు కాలతాయి.

డల్లాస్_గోదారోడు
ఫిట్టింగులు అమెరికా నుంచి సూట్‌కేసుల్లో తెచ్చే ఆలోచనుంటే మానుకోండి. ఇక్కడి పైపుల మర ఎన్‌పీటీ రకం, అక్కడిది బీఎస్‌పీ. అర ఇంచు సైజులో రెండింటికీ ఇంచుకి 14 చుట్లే, అందుకే రెండు చుట్లు తిరిగి సరిపోయిందనిపిస్తుంది. కానీ మర కోణం వేరు, ఒకటి 60 డిగ్రీలు, ఇంకోటి 55. టేప్ ఎంత చుట్టినా గోడ లోపల చెమరుస్తానే ఉంటది.
పైగా ఇక్కడి షవర్ హెడ్‌లకి నిమిషానికి 2.5 గ్యాలన్ల హద్దుంది, అంటే తొమ్మిదిన్నర లీటర్లు. 12 ఇంచుల హెడ్‌లోంచి అంతే వస్తే చినుకులే. వేడి సీటు కమోడ్లు 120 వోల్టులవి, అక్కడ పెడితే మొదటి రోజే పొగ.

మోకిల_విల్లా
అమ్మో, మా బావగారు సరిగ్గా అక్కడి నుంచే థర్మోస్టాట్ మిక్సర్ (వేడీ చల్లా కలిపి ఒకే వేడిలో నీళ్లిచ్చేది) తెస్తానన్నారు. ఆపేస్తాను.
సోలార్ పక్కన పెట్టేయాలా మరి? టెర్రస్ మీద ప్రెషర్ పంపు ఎలాగూ పెడుతున్నాం.

సైట్_ఇంజినీర్_కొండాపూర్
అక్కడే చాలామంది దెబ్బతినేది. ట్యాంకు అడుగు భాగం షవర్‌కి 10 అడుగుల పైనుంటే వచ్చే ప్రెషర్ 0.3 బార్. రెయిన్ షవర్‌కి కనీసం 1 నుంచి 1.5 కావాలి కాబట్టి పంపు తప్పదు. కానీ మామూలు గాజు గొట్టాల సోలార్ ట్యాంకు ప్రెషర్ తట్టుకోదు, దాన్ని గ్రావిటీ మీదే నడపాలి. చన్నీళ్లకి పంపు పెట్టి, వేడి నీళ్లని సోలార్ నుంచి గ్రావిటీ మీద వదిలితే మిక్సర్ దగ్గర చన్నీళ్లు గెలుస్తాయి. వేడి లైన్లోకి ఎదురెక్కి సోలార్ ట్యాంకు పొంగుతుంది. షవర్లో చల్లగా వస్తుంది, సోలార్ వాడిని తిడతారు.
దారులు రెండు. సోలార్ ట్యాంకు దాటాక వేడి లైనుకి వేడి తట్టుకునే ఇంకో పంపు, రెండు లైన్లకీ నాన్ రిటర్న్ వాల్వులు (నీళ్లు వెనక్కి పోనివ్వనివి). లేదా ప్రెషర్ తట్టుకునే ట్యాంకున్న 300 లీటర్ల హీట్ పంపు (గాలిలోని వేడిని లాగి నీళ్లు కాచేది), ఎక్స్‌పాన్షన్ వెసెల్‌తో (వేడికి పెరిగే నీటికి చోటిచ్చే చిన్న ట్యాంకు) సహా, చల్లవీ వేడివీ ఒకే పంపు నుంచి. థర్మోస్టాట్ మిక్సర్ పెడుతున్నారు కాబట్టి రెండోదే నయం. దానికి రెండు వైపులా ప్రెషర్ సమానంగా ఉండాలి.

నల్గొండ_నారాయణ
హీట్ పంపు రేటెంతో చెప్పకుండా అందరూ నయం అంటరు. సోలార్ ఒకసారి పెడితే కరెంటు బిల్లు లేదు గదా. రెండు పంపులు పెట్టుకుంటే పోయేదేముంది?

సైట్_ఇంజినీర్_కొండాపూర్
నారాయణ గారూ, పోయేదేం లేదు, అదీ నడుస్తుంది. మామూలు డైవర్టర్ అయితే నేనూ అదే అనేవాణ్ని. రెండు పంపుల ఆన్ ఆఫ్ ప్రెషర్లు ఒకేలా సెట్ చేసి ఉంచేవాళ్లు దొరకాలి, అంతే. ఒకటి పాతబడితే నీళ్లు వేడీ చల్లా ఊగుతాయి.

కరెంటు_సుబ్బు
ఏ పంపైనా దాని లైను ఇంటి కరెంటు జనరేటర్‌కో పెద్ద ఇన్వర్టర్‌కో ఇవ్వండి. కరెంటు పోతే రెయిన్ షవర్ ఆగిపోయి కళ్లల్లో సబ్బు మిగులుతుంది.

బకెట్_బాబాయ్
ఇంత చెప్పుకున్నారు, బకెట్‌కి కుళాయి ఎక్కడుంది? డ్రాయింగ్‌లో లేదు. ఇంటికి పెద్దవాళ్లొస్తే రెయిన్ షవర్ కింద నిలబడి తలస్నానం చేస్తారా? డైవర్టర్ కింద స్పౌట్ ఒకటి నేల నుంచి 24 ఇంచుల ఎత్తులో పెట్టించండి, 25 లీటర్ల బకెట్ హాయిగా పడుతుంది. కమోడ్ పక్కన హెల్త్ ఫాసెట్ సరే, బాత్రూమ్ కడిగేవాళ్లకి ఇంకో చిన్న కుళాయి కూడా. ఆర్కిటెక్ట్ ముఖం మాడ్చుకుంటే మాడ్చుకోనీ.

గచ్చిబౌలి_గౌతమ్
బాబాయ్ రాక్స్ 👏 అసలు స్పా అంటే వేడినీళ్ల బకెట్టూ, ఇత్తడి చెంబూ, నలుగుపిండే.

వాటర్‌ప్రూఫ్_వాసు
మోకిల గారూ, 4 ఇంచుల సంకెన్ అన్నారు. అందులో 75 ఎంఎం పైపుకి వాలు ఇవ్వడం కుదరదు, ట్రాప్ (వాసన రాకుండా నీళ్లు నిలిచే వంపు) కూడా పట్టదు. అంటే పైపులన్నీ స్లాబ్ కిందనుంచి, కింది గది ఫాల్స్ సీలింగ్‌లో వెళ్లాలి. నిజానికి అదే మంచిది, లీకైతే కింద సీలింగ్ మూత తీసి చూసుకోవచ్చు. అడుగు లోతు సంకెన్‌లో అయితే ఇటుక ముక్కల కింద నీళ్లు చేరి ఏళ్ల తరబడి నానుతుంటాయి. కింద ఏ గది ఉంది?

మోకిల_విల్లా
డైనింగ్. ఒక మూల పూజ గది.

ఈశాన్యం_మూల
పూజ గది పైన కమోడా!!

బకెట్_బాబాయ్
వచ్చేశాడు. ఇప్పుడిక బాత్రూమ్ కాదు, ఇల్లే కొట్టించేస్తాడు.

ఈశాన్యం_మూల
కొట్టక్కర్లేదు బాబాయ్. పూజ గది పైన పడే భాగంలో డ్రెస్సింగ్, పొడి వ్యానిటీ పెట్టుకోమనండి, కమోడ్, షవర్ ఎదుటి గోడకి. శాస్త్రం నమ్మకపోయినా సరే, దేవుడి పటాల మీద మురుగు పైపు వేలాడటం ఎవరికి ఇష్టం?

సైట్_ఇంజినీర్_కొండాపూర్
మూల గారి మాటకి ఇంజినీరింగ్ కారణం కూడా ఉంది. కమోడ్ 110 ఎంఎం పైపు షాఫ్ట్‌కి (నిలువు పైపులు దిగే సందు) ఎంత దగ్గరుంటే కింద సీలింగ్ అంత తక్కువ దిగుతుంది. అటు జరిపితే రెండూ తీరతాయి.
స్లాబ్‌కి రంధ్రాలు కోర్ కటింగ్ మెషీన్‌తోనే వేయించండి, సుత్తీ ఉలీ వద్దు. ఎక్కడ కోస్తున్నారో స్ట్రక్చరల్ ఇంజినీర్ సంతకం ఉన్న డ్రాయింగ్ చేతిలో ఉండాలి. బీముల జోలికి అసలే పోవద్దు.

గచ్చిబౌలి_గౌతమ్
టబ్ బరువుకి స్లాబ్ ఆగుతుందా? ఆ భయం ఎవరూ ఎత్తలేదు.

సైట్_ఇంజినీర్_కొండాపూర్
1700 x 750 రాతి రెజిన్ టబ్ 150 కిలోలు, నీళ్లు 250, మనిషి 80. మొత్తం 480. టబ్ పరిధిలో చదరపు మీటరుకి 375 కిలోలు పైన. కట్టడాల బరువుల ప్రమాణం ఐఎస్ 875లో బాత్రూములకి లైవ్ లోడ్ (మనుషులు, సామాన్ల బరువు) 200 చొప్పున. వినడానికి భయంగానే ఉంటుంది, కానీ ఆ బరువు గదంతా పరుచుకునేది కాదు. బీము పక్కన పెడితే సాధారణంగా ఇబ్బంది రాదు. స్లాబ్ నడిమధ్యలో పెట్టే పనైతే ఇంజినీర్‌కి చెప్పాలి. అక్రిలిక్ టబ్ అయితే 50 కిలోల లోపే.
తమాషా ఏంటంటే, అడుగు సంకెన్‌లో ఇటుక ముక్కలు నింపితే చదరపు మీటరుకి 500 కిలోలు. ఆ బరువు గురించి ఎవరూ భయపడరు.

నల్గొండ_నారాయణ
టబ్ నింపనీకి ఎన్ని నీళ్లు, ఎంతసేపు?

సైట్_ఇంజినీర్_కొండాపూర్
250 లీటర్లలో సగం వేడివి. నిమిషానికి 15 లీటర్ల ఫిల్లర్‌తో (టబ్ నింపే కుళాయి) 17 నిమిషాలు. నేలలోంచి లేచే ఫిల్లర్ అయితే దాని బాడీ స్లాబ్‌కి బోల్టులతో బిగించి తర్వాత స్క్రీడ్ (టైల్ కింద సిమెంట్ పొర) వేయాలి. టైల్ మీద బిగిస్తే ఊగుతుంది. ఇంకా, టబ్ మెట్ల మలుపు తిరుగుతుందో లేదో టేపు పెట్టి కొలవండి, గోడలు లేవకముందే పైకి ఎక్కించేవాళ్లున్నారు.

డల్లాస్_గోదారోడు
వేడి నీళ్లు రావడానికి ఎంతసేపు పడతాదో కూడా చూస్కోండి. టెర్రస్ నుంచి బాత్రూమ్‌కి 20 మీటర్ల 25 ఎంఎం పైపుంటే దాన్లో 7, 8 లీటర్లు చల్లారి కూర్చుంటాయి, రోజూ అవన్నీ డ్రైన్‌లోకే. చల్లారిన నీళ్లని వెనక్కి తీసుకెళ్లే రిటర్న్ లైను వేసి, టైమర్ ఉన్న చిన్న సర్క్యులేషన్ పంపు పెట్టండి. పైపులకి నైట్రైల్ ఫోమ్ గోడలో కూడా చుట్టాలి, అందుకు గాడి వెడల్పుగా కొట్టమనండి. గోడ మూసేశాక రిటర్న్ లైను వేయడం కుదరదు.

విశాఖ_ఉప్పుగాలి
నీళ్ల హార్డ్‌నెస్ 620 అన్నారు, దాన్ని ఎవరూ పట్టించుకోలేదేంటి? బీఐఎస్ తాగునీటి ప్రమాణంలో వేరే నీళ్లు దొరకని చోట కూడా హద్దు 600. 6 కిలోవాట్ల స్టీమ్ జనరేటర్ గంటకి 8, 9 లీటర్లు ఆవిరి చేస్తుంది. ఆవిరి పోతుంది, సున్నం అందులోనే ఉంటుంది. సాఫ్ట్‌నర్ (నీటి హార్డ్‌నెస్ తగ్గించేది) లేకుండా స్టీమ్ పెట్టడం డబ్బు దండగ.
25 లీటర్ల రెజిన్ (సున్నాన్ని పట్టుకునే గుళికలు) ఉన్న సాఫ్ట్‌నర్ మీ నీటిలో సుమారు 2000 లీటర్లకి ఉప్పు అడుగుతుంది, ఒక్కోసారి 3 కిలోలకి తక్కువ కాకుండా. రోజుకి వెయ్యి లీటర్లు వాడే ఇంటికి రెండు రోజులకోసారి. అందుకే 50 నుంచి 75 లీటర్ల రెజిన్, దానంతట అదే కడుక్కునే వాల్వు ఉన్నది తీసుకోండి. ఆ ఉప్పు నీళ్లు ఇంకుడు గుంతలోకో మొక్కల్లోకో కాకుండా డ్రైన్‌లోకి పోవాలి.
సముద్రం దగ్గర కట్టేవాళ్లకి ఒక మాట: హింజెస్, డ్రైన్ మూత 304 గ్రేడ్ స్టీల్ అయితే టీ మరకల్లా తుప్పు చారలు పడతాయి, 316 అడగండి. మోకిలకి 304 చాలు.

తాండూరు_బండ
ఇటాలియన్ మార్బుల్ నేల షవర్ లోపల వద్దు. నున్నగా జారుతుంది, యాసిడ్ క్లీనర్ ఒక్కసారి పడితే మెరుపు పోతుంది. తెల్ల మార్బుల్‌లో ఇనుము ఉంటే తడికి పసుపెక్కుతుంది. పొడి భాగంలో పెట్టుకోండి, కాదనను. తడి భాగంలో లెదర్ ఫినిష్ (గరుకు తేలిన) గ్రానైట్, లేదా జారని ఆర్11 రేటింగ్ టైల్.

గచ్చిబౌలి_గౌతమ్
చీమకుర్తి గెలాక్సీ బ్లాక్ లెదర్ ఫినిష్ పెడితే? లుక్ అదిరిపోద్ది.

తాండూరు_బండ
620 హార్డ్‌నెస్‌లో నల్ల రాయా! వారంలో అది గ్రే అవుతుంది. సాఫ్ట్‌నర్ పెట్టాక అయితే మీ ఇష్టం.

టైల్స్_మేస్త్రి
నేల వాలు సంగతి. పెద్ద టైల్‌కి నాలుగు వైపుల నుంచి మధ్య జాలీకి వాలు ఇవ్వలేం, కోయాల్సి వస్తుంది. గోడ వారగా లీనియర్ డ్రైన్ పెట్టి ఒకే వైపు వాలు ఇవ్వండి, షవర్‌లో 60కి 1, బయట 100కి 1. డ్రైన్ కొనేటప్పుడు డబ్బా మీద నిమిషానికెన్ని లీటర్లో చూడండి. మీ షవర్ 48 ఇస్తుంటే 30 మాత్రమే లాగగలిగే డ్రైన్ పెడితే నీళ్లు గాజు తలుపు దాటి వ్యానిటీ కిందికొస్తాయి. 75 ఎంఎం అవుట్‌లెట్ లేదా రెండు అవుట్‌లెట్లు. లోపల నీటి ట్రాప్ 50 ఎంఎం లోతుండాలి. వాడని బాత్రూమ్‌లో ట్రాప్ ఎండితే వాసన, బొద్దింకలు రెండూ వస్తాయి.
విట్రిఫైడ్ టైల్ సిమెంట్ పాలతో అతకదు, నీళ్లు పీల్చదు కాబట్టి. ఐఎస్ 15477 టైప్ 3 అడ్హెసివ్, పళ్ల కరణితో గోడకీ టైల్ వెనకా రెండింటికీ. ఎపాక్సీ గ్రౌట్ చిన్న చిన్న ముద్దలుగా కలపండి, గట్టిపడకముందే స్పాంజితో తుడవాలి.

మోకిల_విల్లా
ఏఏసీ గోడ మీద వాల్ హంగ్ కమోడ్ ఆగుతుందా?

సైట్_ఇంజినీర్_కొండాపూర్
మామూలు బోల్టులతో ఆగదు. నేలకి కాళ్లు బిగించే ఫ్రేమ్ తీసుకోండి, బరువు స్లాబ్ మీద పడుతుంది. ఫ్రేమ్ ముందు నడుం ఎత్తు గోడ కట్టండి, సిస్టర్న్ (ఫ్లష్ ట్యాంకు) రిపేరంతా ఫ్లష్ ప్లేట్ తీసి చేసుకోవచ్చు. సీటు ఎత్తు పూర్తయిన నేల నుంచి 400 నుంచి 420 ఎంఎం. పూర్తయిన నేల ఎక్కడో ముందే గోడ మీద గీత కొట్టించండి, ఫ్రేమ్ బిగించేవాడు స్లాబ్ నుంచి కొలిస్తే సీటు పొట్టిదవుతుంది.
అదే గీత డైవర్టర్‌కి కూడా. ప్లాస్టర్ 15, అడ్హెసివ్ 5, టైల్ 9, మొత్తం 29 ఎంఎం అవుతుంది. డైవర్టర్ బాడీ మీద కనిష్ఠం గరిష్ఠం గీతలుంటాయి, ఆ 29 వాటి మధ్య పడాలి. లోతు ఎక్కువైతే హ్యాండిల్ అందదు, తక్కువైతే మూత గోడకి ఆనదు.

కరెంటు_సుబ్బు
ఎగ్జాస్ట్ మర్చిపోయారు. 14 x 11 x 10 అంటే 1540 ఘనపుటడుగులు, గంటకి పదిసార్లు గాలి మారాలంటే 250 సీఎఫ్‌ఎం (నిమిషానికి ఘనపుటడుగులు) పైన. 6 ఇంచుల ఫ్యాన్ చాలదు, సీలింగ్‌లో ఇన్‌లైన్ ఫ్యాన్. తలుపు కింద ముప్పావు ఇంచు సందు వదలాలి, గాలి లోపలికి రాకపోతే బయటికీ పోదు. స్టీమ్ గది తలుపు బయటికి తెరుచుకోవాలి, గడియ ఉండకూడదు. కళ్లు తిరిగితే మనిషి తలుపుకే ఆనిపడతాడు.
లైట్లు 3000 కెల్విన్, తడి చోట ఐపీ65 (నీళ్లు దూరనివి), లైట్లకి కరెంటు మార్చిచ్చే డ్రైవర్ పెట్టెలు బయట వార్డ్‌రోబ్ పైన. అద్దం లైట్ తల మీద కాకుండా రెండు పక్కలా.

గచ్చిబౌలి_గౌతమ్
గాజు ఎంత మందం? 8 చాలా?

టైల్స్_మేస్త్రి
తలుపుకి 10 ఎంఎం టఫెన్డ్. కొలతలు టైల్ పూర్తయ్యాకే తీయాలి, టఫెన్ చేశాక ఒక్క మిల్లీమీటరు కూడా కోయలేరు.

మోకిల_విల్లా
సరే. జెట్లు 6 నుంచి 2కి, స్టీమ్ 5 x 4 విడిగా, కమోడ్ ఎదుటి గోడకి, బాబాయ్ స్పౌట్‌తో సహా. కొత్త డ్రాయింగ్ అడుగుతున్నాను. పైపులు వేశాక ఏం చూసుకోవాలి?

సైట్_ఇంజినీర్_కొండాపూర్
అన్ని నోళ్లకీ డమ్మీలు (మూతలు) బిగించి 10 కిలోల (సుమారు 10 బార్) ప్రెషర్‌లో ఒక రోజంతా ఉంచండి. ప్రెషర్ మీటర్ ముల్లు కదలకూడదు. తర్వాత ప్రతి గోడకీ టేపు ఆనించి ఫొటోలు తీసుకోండి, రేపు టవల్ రాడ్‌కి డ్రిల్లు వేసేవాడికి అవే దిక్కు.

వాటర్‌ప్రూఫ్_వాసు
కోటింగ్ అయ్యాక 72 గంటలు నీళ్లు నిలబెట్టండి. మూలల్లో సిమెంటుతో గుండ్రని వంపు (గోళా) తిప్పి ఫైబర్ మెష్ వేసిన తర్వాతే కోటింగ్. షవర్ గోడలకి 7 అడుగుల దాకా, మిగతా చోట అడుగు. ట్రాప్ నోట్లో గుడ్డ కుక్కొద్దు, రబ్బరు టెస్ట్ ప్లగ్ పెట్టండి. గుడ్డ పెడితే మట్టం తగ్గినప్పుడు నీళ్లు స్లాబ్‌లోకి పోయాయా, గుడ్డలోంచి పోయాయా తేలక మేస్త్రీ మీరూ వాదించుకుంటారు.

బకెట్_బాబాయ్
మట్టం పెన్సిల్‌తో గీసి, పక్కన తారీకు, టైము కూడా రాయించండి. కాస్త ఎండకి ఆరేది ఆరుతుంది, కింద డైనింగ్ సీలింగ్ మాత్రం పొడిగా ఉండాలి.

నల్గొండ_నారాయణ
ఆ ప్లంబర్ ఇప్పుడు కూడా "అయితది సార్" అంటున్నడా?

మోకిల_విల్లా
ఈ లిస్ట్ చూపించాను. "టెస్ట్ ప్లగ్ ఎక్కడ దొరుకుతది సార్" అన్నాడు.